మిల్లింగ్ మిషన్‌కు మారు మోటారు

లేత్ మిషన్ అంటే మన ఊళ్ళలో తెలియనివారు అరుదు. బోరు మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టరు బుష్షు వదులైనా మొదట పరుగెత్తేది లేత్ షాపుకే గదా! దాని పక్కన గోడవారగా నిలబడి ఉండే మిల్లింగ్ మిషన్ సంగతి మాత్రం అంతగా ఎవరికీ పట్టదు. లేత్‌లో వస్తువు తిరుగుతుంది, ఉలి తిరగకుండా నిలిచి దాన్ని చెక్కుతుంది. మిల్లింగ్ మిషన్‌లో వరస తిరగబడుతుంది. వస్తువును బల్లకు బిగిస్తారు. పళ్ళున్న కట్టరు గిరగిర తిరుగుతూ దాన్ని చెక్కుతుంది. గుండ్రని పనికి లేత్, చదును చెయ్యటానికీ గాడి తియ్యటానికీ మిల్లింగ్. స్థూలంగా ఇదీ తేడా.

ఆఫీసు నుంచి ఇంటికి వచ్చాక కొందరు వీణ ముట్టుకుంటారు, కొందరు పేక ముట్టుకుంటారు. ఇనుము ముట్టుకునేవాళ్ళు కూడా కొందరున్నారు. నేను ఆ మూడో తెగవాణ్ణి. చిన్న ఆవిరి యంత్రాల నమూనాలు, గడియారపు పళ్ళచక్రాలు, బజారులో దొరకని పాత సైకిలు భాగాలు చేసుకోవటంలో ఉన్న సుఖం చేసినవాళ్ళకే తెలుస్తుంది. అటువంటివాళ్ళకు బల్లమీద పెట్టుకునే చిన్న మిల్లింగ్ మిషన్ ఒక కల్పవృక్షం. ఐతే కొత్తది కొందామంటే జేబు ఒప్పుకోదు. అందుచేత చూపు తుక్కు దుకాణాలవైపు పోతుంది.

నాకు దొరికిన మిషన్ తైవాన్‌లో తయారైంది. గుండ్రని స్తంభం, దానిమీద తల, తలలో స్పిండిల్. రాట్నానికి కదురు ఎలాగో ఈ మిషన్‌కు స్పిండిల్ అలాగు. కట్టరును పట్టుకుని తిరిగేది అదే. హైదరాబాదులో బాలానగర్ వైపు ఒక చిన్న కార్ఖానా మూసేస్తూ దీన్ని కిలోల లెక్కన తూచి ఇచ్చారు. రెండు క్వింటాళ్ళ పైచిలుకు పోత ఇనుము! బల్ల జారే పట్టాలు అరగలేదు. స్పిండిల్ చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. చచ్చిపోయింది మోటారు ఒక్కటే. ఒక అశ్వశక్తి సింగిల్ ఫేజ్ మోటారు అది. కండెన్సర్ ఉబ్బిపోయి ఉంది, మోటారును మొదట కదిలించే స్విచ్చి కొసలు కాలిపోయి ఉన్నాయి.

కండెన్సరూ స్విచ్చీ మార్చి దాన్ని బతికించవచ్చు. చాలామంది చేసేది అదే. నేను మాత్రం దాన్ని దింపేసి, త్రీఫేజ్ మోటారు ఎక్కించి, దాని వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి తగిలించాను. ఈ పెట్టెను మన మెకానిక్కులు వి.ఎఫ్.డి. అనీ, ఉత్త ‘డ్రైవ్’ అనీ పిలుస్తారు. ఎందుకు మార్చానో, మార్చేటప్పుడు ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో చెప్పటమే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

ఎంత వేగం కావాలి?

కట్టరు పంటి కొస లోహం మీద నిమిషానికి ఎన్ని మీటర్లు పరుగెత్తుతుందో దాన్ని కోత వేగం అంటారు. హైస్పీడ్ స్టీలు కట్టరుతో మామూలు ఇనుప ముక్కను కొయ్యాలంటే నిమిషానికి 25 మీటర్లు మంచి లెక్క. దీన్ని చుట్లలోకి మార్చటం సులువు. కోత వేగాన్ని 1000తో హెచ్చవేసి, కట్టరు చుట్టుకొలత మిల్లీమీటర్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది.

ఆ లెక్కన 6 మిల్లీమీటర్ల కట్టరు నిమిషానికి సుమారు 1,330 చుట్లు తిరగాలి. అదే ఇనుము మీద 50 మిల్లీమీటర్ల కట్టరు ఐతే 160 చుట్లు చాలు. ఇత్తడికి నిమిషానికి 60 మీటర్లు ఇచ్చి 3 మిల్లీమీటర్ల కట్టరు పెడితే 6,000 దాటిపోతుంది! అంత వేగం ఇటువంటి చిన్న మిషన్లు ఇవ్వలేవు. ఇవ్వగలిగినంత ఇస్తే అదే పదివేలు. మొత్తంమీద ఒకే మిషన్ ఒక పూట 160 చుట్లూ, మరో పూట రెండువేల చుట్లూ తిరగవలసి ఉంటుందన్నమాట. వేగం మరీ ఎక్కువైతే కట్టరు పళ్ళు నీలం తిరిగి మొద్దుబారతాయి. తక్కువైతే పని నత్తనడక నడుస్తుంది.

నా మిషన్ తల మీద మూత తీస్తే మెట్లు మెట్లుగా ఉన్న పుల్లీలు, వాటి మీద రెండు బెల్టులు కనిపిస్తాయి. బెల్టులను ఈ మెట్టు మీంచి ఆ మెట్టు మీదికి మారిస్తే 12 వేగాలు వస్తాయి. బాగానే ఉంది. కాని మార్చాలనుకున్న ప్రతిసారీ మూత ఎత్తాలి, మోటారు బిగింపు వదులు చెయ్యాలి, రెండు బెల్టులు ఎత్తి వెయ్యాలి, మళ్ళీ బిగించాలి. చేతులకు మసి సరేసరి. ఫలితమేమిటంటే, బద్ధకం కొద్దీ మనిషి ఉన్న వేగంతోనే నెట్టుకొస్తాడు. అక్కడే కట్టర్లు చచ్చేది.

మెట్ల పుల్లీ పుట్టుక

ఈ మెట్ల పుల్లీలు కరెంటు మోటారు కంటె ముందే పుట్టాయంటే కొందరికి వింతగా తోచవచ్చు. అమెరికాలో ప్రావిడెన్స్ నగరంలో జోసెఫ్ బ్రౌన్ అనే ఆయన యూనివర్సల్ మిల్లింగ్ మిషన్‌ను తయారుచేసింది 1862లో. రంధ్రాలు చేసే డ్రిల్లు బిట్టు మీద మెలికలు తిరిగిన గాడి ఉంటుంది చూశారూ, ఆ గాడిని అంతకుముందు ఆకురాయితో చేతులు నొప్పి పుట్టేలా రుద్ది తీసేవారట. ఆ బాధ తీర్చటానికి పుట్టిన మిషన్ అది.

అప్పట్లో కార్ఖానాకంతా కలిపి ఒక ఆవిరి యంత్రమో, నీటి చక్రమో ఉండేది. ఇంటికప్పు కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే పొడుగాటి షాఫ్టు తిరుగుతూ ఉండేది. దాని మీంచి ప్రతి మిషన్‌కూ ఒక తోలు బెల్టు దిగేది. పై షాఫ్టు వేగం మార్చటం ఎవరి తరమూ కాదు గనుక ఎవరి మిషన్‌కు వారు మెట్ల పుల్లీ పెట్టుకుని వేగం మార్చుకునేవారు. తరవాత మిషన్‌కొక మోటారు వచ్చింది. ఆ మోటారూ ఒకే వేగంతో తిరిగేదే కావటం వల్ల మెట్ల పుల్లీ అలాగే నిలిచిపోయింది.

మూడు రోకళ్ళు

మోటారులో సింగిల్ ఫేజ్‌కూ త్రీఫేజ్‌కూ ఉన్న తేడా తెలియాలంటే వడ్లు దంచటం గుర్తు చేసుకోండి. ఒక్క మనిషి దంచుతూంటే పోటుకూ పోటుకూ మధ్య సందు ఉంటుంది. ముగ్గురు ఒకే రోటి చుట్టూ నిలబడి వంతులవారీగా పోట్లు వేస్తూంటే సందే ఉండదు. సింగిల్ ఫేజ్ మోటారు ఒంటి రోకలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది గనుక ఆ మోటారు బలం సెకనుకు 100 మార్లు పుంజుకుని 100 మార్లు సడలుతుంది. చెవికి వినిపించే ఆ గుంయ్‌మనే మోత అదే. పిండి మర విసరటానికి దానివల్ల నష్టమేమీ లేదు. సన్నని నునుపు కావలసిన పనిలో మాత్రం ఆ వణుకు బెల్టు మీదుగా కట్టరు దాకా పోతుంది. పైగా ఒంటి రోకలి తనంత తాను మొదలు కాలేదు. అందుకే దానికి కండెన్సరూ, స్విచ్చీ ఊతకర్రలుగా కావాలి. చెడిపోయేవీ అవే.

త్రీఫేజ్ మోటారుకు ఆ ఊతకర్రలు అక్కర్లేదు. మూడు ఫేజులూ కలిసి ఇచ్చే బలం ఎడతెగకుండా ఉంటుంది. జర్మనీలో పనిచేసిన రష్యా ఇంజనీరు దొలీవొ-దొబ్రొవోల్‌స్కీ 1889లో ఇటువంటి మోటారును నడిపించాడు. రెండేళ్ళకు, 1891లో, లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు 175 కిలోమీటర్ల దూరం త్రీఫేజ్ కరెంటు తీగల మీద వచ్చి వెయ్యి దీపాలు వెలిగించింది. మన పొలాల్లో పంపుసెట్లను నడిపేది కూడా ఆ మోటారు సంతతే.

మరి ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్ 230 వోల్టులే. త్రీఫేజ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక ఫేజు పోయినప్పుడు కండెన్సర్ తగిలించి పంపుసెట్టును నెట్టుకురావటం మన పల్లెల్లో చాలామంది చూసే ఉంటారు. ఆ ఉపాయంతో మోటారు తిరుగుతుందిగాని మూడు రోకళ్ళూ సమంగా పడవు. మోటారు వేడెక్కుతుంది. డ్రైవ్ చేసే పని వేరు.

పెట్టెలో ఏముంది?

డ్రైవ్ పెట్టె ఇంటి కరెంటును లోపలికి తీసుకుని మొదట దాన్ని డి.సి.గా మార్చి పెద్ద కండెన్సర్లలో నిలవ చేస్తుంది. అక్కడ సుమారు 325 వోల్టులు ఉంటాయి. ఆపైన ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఆ డి.సి.ని సెకనుకు కొన్ని వేలమార్లు తరిగి తరిగి, మూడు తీగల మీద మూడు ఫేజుల రూపంలో మోటారుకు వడ్డిస్తాయి. ఆ మూడు ఫేజుల ఆవృత్తి మన చేతిలో ఉంటుంది. 4 పోల్ మోటారు 50 ఆవృత్తుల దగ్గర నిమిషానికి సుమారు 1,430 చుట్లు తిరుగుతుంది. ఆవృత్తి తగ్గిస్తే వేగం తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. రేడియోలో గొంతు పెంచినట్టు ఒక్క బొత్తాం తిప్పటమే!

ఈ పెట్టెల్లో వాడే స్విచ్చును ఐ.జి.బి.టి. అంటారు. దాన్ని రూపొందించినవారు జయంత్ బలిగా. 1948లో మద్రాసులో పుట్టి, 1969లో అక్కడి ఐ.ఐ.టి.లోనే పట్టా పుచ్చుకున్న మనిషి. 1980 దశకం మొదటి ఏళ్ళలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ దీన్ని సాధించారు. ఇందుకే 2024లో ఫిన్‌లాండ్ దేశం ఇచ్చే మిలీనియం టెక్నాలజీ బహుమతి ఆయనకు వచ్చింది. రైలింజను మొదలుకొని ఇంట్లోని ఇన్వర్టర్ ఏ.సి. దాకా ఈ స్విచ్చు లేని చోటు వెతుక్కోవాలి.

పుల్లీలు పారెయ్యకండి

ఇక అసలు సంగతికి వస్తాను. బొత్తాం తిప్పితే వేగం మారుతున్నప్పుడు మెట్ల పుల్లీలెందుకు, బెల్టులెందుకు? మోటారును ఒకే పుల్లీతో స్పిండిల్‌కు తగిలించి మిగతావన్నీ తుక్కులో వేస్తే పోలేదా? ఈ ఆలోచన రానివాళ్ళుండరు. చూడటానికీ ముచ్చటగా ఉంటుంది. దీనివల్లే మంచి మిషన్లు పనికిరాకుండా పోతాయి.

డ్రైవ్ వేగం ఇస్తుందిగాని బలం పుట్టించదు. ఒక అశ్వశక్తి మోటారు 1,430 చుట్ల దగ్గర ఇచ్చే మెలితిప్పు బలం సుమారు 5 న్యూటన్ మీటర్లు. ఆవృత్తి తగ్గించినా ఆ 5 అలాగే ఉంటుంది, పెరగదు. 50 మిల్లీమీటర్ల కట్టరు కోసం 160 చుట్లు కావాలనుకున్నాం గదా. పుల్లీలు తీసేసి, నేరుగా మోటారు వేగాన్నే 160కి దించితే స్పిండిల్ దగ్గర ఉండేది ఆ 5 న్యూటన్ మీటర్లే. అంటే అశ్వశక్తిలో తొమ్మిదో వంతు. కట్టరు ఇనుములో దిగీ దిగకముందే ఆగిపోతుంది. అంతేకాదు, మోటారును చల్లబరిచే ఫ్యాను దాని షాఫ్టు మీదే ఉంటుంది. షాఫ్టు మెల్లగా తిరిగితే గాలి ఉండదు. మోటారు కాలే దారి అది.

అదే 160 చుట్లను ఆరింటికి ఒకటి తగ్గించే పుల్లీ మెట్టు మీద చూడండి. మోటారు 960 చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఫ్యాను హాయిగా వీస్తుంది. 5 న్యూటన్ మీటర్లు కాస్తా ఆరు రెట్లై, రాపిడికి పోగా, 30కి దగ్గరగా స్పిండిల్‌కు అందుతాయి. ఉన్న అశ్వశక్తిలో మూడింట రెండు వంతులు పనికి వస్తాయి. సైకిలు తొక్కేవాడు మెట్ట ఎక్కేటప్పుడు పళ్ళచక్రం ఎందుకు మారుస్తాడో ఇదీ అందుకే.

అందుచేత నేను 12 మెట్లలో మూడింటిని ఉంచుకున్నాను. ఆరింటికి ఒకటి తగ్గించే మెట్టు మీద, ఆవృత్తిని 20 నుంచి 80 దాకా మారిస్తే 90 చుట్ల నుంచి 390 దాకా వస్తాయి. రెండింటికి ఒకటి మెట్టు మీద 265 నుంచి 1,165 దాకా. వేగం పెంచే పై మెట్టు మీద 740 నుంచి 2,400 దాకా. ఈ పై మెట్టులో 60 ఆవృత్తుల దగ్గరే ఆపాను, ఆ స్పిండిల్ బేరింగులు అంతకు మించిన వేగానికి చేసినవి కావు గనుక. 50 దాటిన తరవాత మోటారు బలం క్రమంగా సన్నగిల్లుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇప్పుడు ఒక పూట పనిలో బెల్టు ముట్టుకునేది ఒకసారో, రెండుసార్లో. మిగతాదంతా బొత్తాం చూసుకుంటుంది.

వైండింగ్ షాపులో

మోటారు నేను సికింద్రాబాదు రాణీగంజ్‌లో కొన్నాను. అక్కడొక చిక్కుముడి ఉంది. మనదేశంలో దొరికే చిన్న త్రీఫేజ్ మోటార్లను మామూలుగా స్టార్ పద్ధతిలో 415 వోల్టులకు కలిపి ఉంచుతారు. ఇంటి 230 వోల్టుల మీద నడిచే డ్రైవ్ బయటికి ఇచ్చేది కూడా 230 వోల్టులే. స్టార్‌లోనే ఉంచి నడిపితే మోటారుకు ఆకలి తీరదు, బలం సగానికి సగం పైగా పోతుంది. డెల్టా పద్ధతిలోకి మార్చి కలిపితే ప్రతి చుట్టకూ దానికి కావలసిన వోల్టులే సరిగ్గా అందుతాయి. డబ్బాలో ఆరు తీగలు ఉంటే మూడు రేకు ముక్కలు తిప్పి బిగించటంతో పని తీరిపోతుంది. నా మోటారులో మూడే ఉన్నాయి.

దాన్ని వైండింగ్ మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. మూత విప్పి లోపలికి చూశాడు.

“స్టార్ లోపల్నే కట్టేసిన్రు సార్. ముడి విప్పి ఇంకో మూడు వైర్లు బయటికి తియ్యాలె. గానీ ఇంటి కరెంటు మీద ఎట్ల నడుస్తది?” అన్నాడు.

డ్రైవ్ సంగతి చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. ఐనా వార్నీషు మెత్తబరిచి, ముడి విప్పి, కొత్త తీగలు అతికి, గొట్టాలు తొడిగి, ఏది ఏ చుట్ట మొదలో ఏది చివరో గుర్తులు కట్టి ఇచ్చాడు. ఈ గుర్తులు తారుమారైతే మోటారు గుర్రుమంటుందేగాని తిరగదు. అనుభవం లేనివారు ఈ ముడి జోలికి పోకుండా ఇటువంటి చేతికి అప్పగించటమే మేలు.

డెల్టాలో మోటారు లాగే ఆంపియర్లు కూడా మారతాయి. స్టార్‌లో 1.8 అని ప్లేటు మీద ఉంటే డెల్టాలో 3.1 అవుతుంది. డ్రైవ్‌కు ఈ రెండో అంకె చెప్పాలి. మోటారు మితిమీరి లాగితే అది చూసి ఆపేది డ్రైవే గనుక. 19 మిల్లీమీటర్ల కొత్త షాఫ్టుకు సరిపడేలా పాత పుల్లీకి లేత్ మీద బుష్షు వేయించాను. రెండు పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూసి మోటారు బిగించాను.

కరెంటు పోయి వస్తే

ఇక ప్రాణానికి సంబంధించిన మాటలు. మన ఊళ్ళలో కరెంటు చెప్పకుండా పోతుంది, చెప్పకుండా వస్తుంది. పని మధ్యలో కరెంటు పోతే మనిషి ఏం చేస్తాడు? మిషన్ ఆగింది గదా అని కట్టరు దగ్గర చెయ్యి పెట్టి ఇనుప రజను దులుపుతాడు. సరిగ్గా ఆ క్షణాన కరెంటు వచ్చి స్పిండిల్ తిరిగితే వేళ్ళు దక్కవు. పాత మిషన్‌కు మామూలు స్విచ్చి ఉంటే ఈ గండం ఎప్పుడూ ఉన్నదే. డ్రైవ్‌కు కూడా వేసి వదిలేసే స్విచ్చి పెడితే కొన్ని రకాలు కరెంటు రాగానే తమంతట తామే బయలుదేరతాయి. అందుకని నొక్కి వదిలే ఆకుపచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం పెట్టి, కరెంటు వచ్చినా ఆకుపచ్చది మళ్ళీ నొక్కితేగాని తిరగకుండా డ్రైవ్‌ను అమర్చుకోవాలి. అమర్చానని ఊరుకోకూడదు. కట్టరు తీసేసి, మిషన్ నడుస్తూండగా మెయిన్ ఆపి, కాసేపాగి మళ్ళీ వేసి, కదలదని కళ్ళారా చూసుకోవాలి.

రెండో మాట. మెయిన్ తీసేసినా పెట్టెలోని కండెన్సర్లలో ఆ 325 వోల్టులు కొంతసేపు కాచుకుని కూర్చుంటాయి. పెట్టె మీద ఎన్ని నిమిషాలు ఆగమని రాసి ఉంటే అన్ని నిమిషాలూ ఆగి, మీటరు పెట్టి చూసిన తరవాతే లోపల వేలు పెట్టాలి. మూడో మాట, డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య ఏ స్విచ్చీ ఉండరాదు. మిషన్ మీద ఉన్న పాత స్విచ్చిని ఆ దారిలోంచి తీసెయ్యాలి. నడుస్తూండగా దాన్ని కట్టేస్తే డ్రైవ్ చెడిపోవచ్చు. నాలుగోది ఎర్తు. మోటారు ఒంటికీ, డ్రైవ్‌కూ, మిషన్ ఒంటికీ ఎర్తు తీగ గట్టిగా బిగించి ఉండాలి. చివరిది రజను. కట్టరు విసిరే ఇనుప రజను ఒక్కటి డ్రైవ్ లోపల పడితే చాలు, దాని కథ ముగుస్తుంది. పెట్టెను మిషన్‌కు దూరంగా గోడకెత్తి, గాలి ఆడేలా రక్షణ కల్పించాలి.

ఎవరైనా ఇటువంటి మిషన్ బేరానికి పోతే చూడవలసింది మోటారు కాదు. స్పిండిల్ చేత్తో తిప్పి గరగర ఉందేమో చూడండి. పట్టుకుని అటూ ఇటూ ఊపి వదులుందేమో చూడండి. బల్లను ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించి, మధ్యలో వదులుగా, చివర్లలో బిగుతుగా ఉందేమో గమనించండి. అదే అరుగుదల గుర్తు. పోత ఇనుములో పగులుందేమో వెతకండి. మెట్ల పుల్లీలు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. ఇవన్నీ సరిగా ఉండి, “మోటారు కాలిపోయిందండీ, అందుకే చవగ్గా ఇస్తున్నాం” అని అమ్మేవారంటే, ఇక బేరం వదులుకోకండి.